అందఱును దొంగలే యను వాదము

మన యిండ్లలో పిల్లలకు చెప్పెడి కథ యొకటి కలదు. ఒక రాజు క్రొత్తగా త్రవ్వించిన కోనేటిని పాలతో నింపదలచి, పట్టణమందలి ప్రతి గృహస్థుడును ఆ రాత్రి ఒక కడవెడు పాలు తెచ్చి అందులో పోయవలెనని చాటింపు వేయించెను. తెల్లవాఱి చూచునప్పటికి కోనేటినిండ నీళ్లే యుండెను. ఇందఱు పాలు పోయుచుండగా నేను పోసిన కడవెడు నీళ్లు ఎవరికి కనబడునని ప్రతివాడును తలచెనట. చెప్పినవారు నవ్వుదురు, విన్న పిల్లలును నవ్వుదురు. అంతటితో కథ ముగియును.

మేమును ఈ కథను తరగతిలో ఎన్నియో మాఱులు చెప్పి నవ్వించితిమి. ఒక యేడు ఒక పిల్లవాడు లేచి, "మర్నాడు రాత్రి గూడా పాలే పొయ్యమని రాజు చెప్తే ఏం చేస్తారు అయ్యవారూ?" అని యడిగెను. మాకు వెంటనే ఉత్తరము తోచలేదు. ఇంటికి వచ్చి ఆలోచింపగా తోచినది. రెండవనాడును నీళ్లే పోయుదురు. కాని కారణము మాఱును. మొదటి రాత్రి, తక్కినవారందఱును మంచివారు, పాలే పోయుదురు, నా నీళ్లవలన నష్టము లేదనుకొనిరి. రెండవ రాత్రి, తక్కినవారందఱును దొంగలు, నీళ్లే పోయుదురు, నా పాలవలన లాభము లేదనుకొందురు. లోకమును గూర్చిన యభిప్రాయము ఒక్క దినములో తలక్రిందైనది. కడవలోని నీళ్లు మాత్రము నీళ్లుగనే యున్నవి.

ఈ రెండు రాత్రులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిననే గాని అసలు సంగతి బోధపడదు. ఇతరులను గూర్చి మనమేమి నమ్ముదుమో దానినిబట్టి వారితో కలిసి పనిచేయుటయో మానుటయో జరుగునని మనము సాధారణముగా అనుకొందుము. పలుమాఱు జరుగునది దీనికి విరుద్ధము. కలిసి పనిచేయరాదని మనస్సు ముందుగనే నిశ్చయించుకొనును. పిమ్మట దానికి తగిన నమ్మకమును వెదకి తెచ్చుకొనును. తాటిచెట్టు ఎందుకెక్కితివిరా యనిన దూడగడ్డికని చెప్పినవాడు, తాను చెప్పునది అబద్ధమని కనీసము తానైన నెఱుగును. మేము చెప్పుచున్నవాడు తాటిచెట్టుమీద గడ్డి యున్నదని నిజముగా నమ్మినవాడు. చిక్కంతయు వానితోడనే.

స్వార్థమును ఖండించుచు మన పత్రికలలో వచ్చినన్ని వ్యాసములు మఱి దేనినిగూర్చియు వచ్చియుండవు. స్వార్థపరుడు అంత భయంకరుడు కాడని మా యభిప్రాయము. తాను చేయునది తప్పని యెఱిగినవానిని సిగ్గుపఱుపవచ్చును, భయపెట్టవచ్చును, బ్రతిమాలవచ్చును. తన లాభమునే సిద్ధాంతముగా మార్చుకొని, ఎదుటివాని దుర్గుణమును దానికి ప్రమాణముగా చూపువానిని ఏమియు చేయలేము. వాడు తన్ను స్వార్థపరుడని తలపడు, లోకజ్ఞుడనని తలచును.

ఇది గాలిలోని మాట కాకుండుటకై మా గ్రామపు సంగతి చెప్పెదము. మాది రాయలసీమలో ఒక చిన్న యూరు, పేరుతో పనిలేదు. ఊరికి పడమట చెఱువు, దానిక్రింద 120 ఎకరముల ఆయకట్టు ఉన్నవి. ఆ చెఱువు కేవలము తనపై కురిసిన వానతో నిండునది కాదు. క్రోసెడు దూరమందలి వాగునుండి ఒక కాలువ దానికి నీరు తెచ్చును. ఏటేట ఆ కాలువలో ఇసుక మేటవేయును, కంపచెట్లు మొలచి అల్లుకొనును. ఎండకాలమున దానిని బాగుచేసిననే వానకాలపు నీరు చెఱువును చేరును. ఇందుకై ఎకరమునకు 300 రూపాయల చొప్పున ఇచ్చుకొనవలెననియు, ఇయ్యలేనివారు ఎకరమునకొక దినము వంతున పనికి రావలెననియు రైతులు ఒక కట్టుబాటు చేసికొనిరి. మొదటి యేడు ఇంచుమించుగా అందఱును ఇచ్చిరి. రెండవ యేడు కొందఱు తగ్గిరి. అయిదేండ్లు గడచునప్పటికి సగము కూడ రాలేదు. పందిరి సగము వేసినచో సగము నీడయైన నిచ్చును. సగము బాగుచేసిన కాలువ చుక్క నీటినైనను చెఱువునకు చేర్పదు.

ఏల ఇయ్యరని రచ్చబండయొద్ద అడిగినచో వచ్చిన సమాధానములు వినదగినవి. తూము దాపున పొలమున్నవారు, "మనము ఇచ్చినను మానినను క్రిందివారు కాలువ బాగుచేసికొనక తప్పదు, గరజు వారిది" అనిరి. చివర పొలమున్నవారు, "ఎంత నీరు వచ్చినను పైవారే వాడుకొందురు, మా డబ్బుతో వారి వరి పండింపవలెనా?" అనిరి. బోరుబావులు వేయించుకొన్నవారు, "మాది పాతాళములోని నీరు, చెఱువుతో మాకేమి పని?" అనిరి. ఊరు విడిచి పట్టణమున కాపురమున్నవారు, ఇది ప్రభుత్వము చేయవలసిన పనియని ఫోనులో సెలవిచ్చిరి. అందఱును నమ్మియే చెప్పిరి. ఒక్కరి నమ్మకమైనను వారి పొలము గట్టు దాటి పోలేదు. మనిషిని చూడకయే, పొలమెచ్చటనో తెలిసిన చాలును, ఆతని తత్త్వమును మేము చెప్పగలిగియుంటిమి. ఒకాయన పైపొలము అమ్మి చివరపొలము కొనెను. రిజిస్ట్రేషనుతో పాటు ఆయన యభిప్రాయము కూడ మాఱినది. మాఱినట్లు ఆయనకు తెలియలేదు.

బోరువారి మాట కొంచెము విచారింపదగినది. చెఱువులో నిలిచిన నీరు ఇంకి, చుట్టుపట్ల బావులకును బోరులకును ఊటగా చేరునని వ్యవసాయము తెలిసిన వృద్ధులెఱుగుదురు, భూగర్భజలశాస్త్రము చదివినవారును ఎఱుగుదురు. మా చెఱువు వరుసగా రెండేండ్లు ఎండినప్పుడు కట్టక్రింది బోరులు గాలి కక్కినవి. అప్పుడైన పాతాళగంగా సిద్ధాంతము పోవునని మేము తలచితిమి. పోలేదు. బోరు వేసినవాడు చాలినంత లోతు వేయక మోసము చేసెననిరి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 నుండి వ్యవసాయమునకు కరెంటు ఉచితమాయెను గనుక, ఆ సిద్ధాంతమును నమ్ముటవలన నెలనెల ఖర్చు కూడ లేకుండెను. ఖర్చులేని నమ్మకము దీర్ఘాయువు.

ఇంతవఱకు ఊరివారిని గూర్చి చెప్పితిమి. మా సంగతియు చెప్పవలెను. తండ్రిగారివలన మాకు సంక్రమించిన ఎకరమున్నర ఆ చెఱువు క్రిందనే యున్నది. మా వంతు ఏడాదికి 450 రూపాయలు. నాలుగేండ్లు మేమియ్యలేదు. మా నమ్మకమేమనగా, వసూలు చేయువారు డబ్బు తినుచున్నారు. ఇది మేము ఎవరి నోటనో వింటిమి; తరువాత మేము పదిమందికి చెప్పితిమి; వారు చెప్పగా మఱల విని, చూచితిరా, ఊరంతయు అనుచున్నదని మఱింత గట్టిగా నమ్మితిమి. పంచాయతీలనుండి పార్లమెంటువఱకు గల అవినీతిని గూర్చి చదివినదంతయు మాకప్పుడు అక్కఱకు వచ్చెను. ఒకనాటి రాత్రి భోజనమువేళ మేము ఈ విషయమున ఉపన్యసించుచుండగా మా యింటిలోవారు మజ్జిగ వడ్డించుచు, "మీరెప్పుడైనా ఆ లెక్కల పుస్తకం చూశారా?" అని యడిగిరి.

చూడలేదు. చూడవలెనని తోచనైనను లేదు. మఱునాడు లెక్కలు వ్రాయు వృద్ధరైతు ఇంటికి పోయి అడిగితిమి. ఆయన దేవుని పటము వెనుకనుండి గీతల పుస్తకమొకటి తీసి ఇచ్చెను. కడపటి యేడు 46 ఎకరములవారు ఇచ్చిరి. వసూలైనది 13,800 రూపాయలు. పూడిక తీయు యంత్రమునకు గంటకు 1,100 చొప్పున 11 గంటలకు 12,100. తూము తలుపు మరమ్మతునకు 1,700. ఆయన ఏటవాలు అక్షరములతో కూడిక క్రింద రెండు గీతలు గీసియుండెను. ఇయ్యనివారి పట్టిక వెనుక పుటలో నుండెను. ఊరిలో పదవ తరగతి దాటినవారిలో ఇంచుమించుగా అందఱి పేర్లును అందులోనే యున్నవి. "అడిగినోళ్లకు చూపిచ్చామనే రాసి పెట్టినా అయ్యవారూ. నాలుగేండ్ల నుంచి అడిగింది మీరొక్కరే" అని ఆయన యనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదియే మాకు ఎక్కువ బాధగా నుండెను.

ఇచ్చట మాకొక పరీక్ష దొరకినది. ఒకడు దొంగయని నిజముగా నమ్మినవాడు ఏమి చేయును? లెక్క యడుగును, తాళము వేయును, పదిమందిని పిలుచును. దొంగతనమును అడ్డగించుటకు కావలసిన పనియేదో ఒకటి చేయును. నెపము కావలసినవాడో, లెక్క అడుగడు. అడిగిన లెక్క సరిగా నుండునేమో యను భయము వాని మనస్సు లోతున ఉండును. లెక్క సరిపోయినచో డబ్బు ఇయ్యవలసివచ్చును గదా! అందుచేత వాడు అనుమానమును పెంచుకొనును గాని తీర్చుకొనడు. చదువరులారా, మీరు నమ్మి నిందించుచున్న సంఘములను, కమిటీలను, బంధువులను ఒకమాఱు తలచుకొని, వీరిలో ఎవరిని లెక్క యడిగితిమని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు.

స్కాట్లండు దేశపు తత్త్వవేత్తయగు డేవిడ్ హ్యూము 1740లో ప్రకటించిన తన మానవస్వభావ గ్రంథపు మూడవ సంపుటమున అచ్చముగా మా కాలువవంటి దృష్టాంతమునే చూపెను. ఉమ్మడిగా నున్న పచ్చికబయలులో నిలిచిన నీటిని తీసివేయుటకు ఇరుగుపొరుగు ఇరువురు సులభముగా సమ్మతింపగలరట; ఒకడు మానినచో పని యంతయు చెడునని ఇరువురికిని తెలియును. వేయిమంది కలిసి ఆ పని చేయుట మాత్రము దుర్ఘటము. శ్రమనుండియు ఖర్చునుండియు తప్పించుకొని భారము నితరులపై వేయుటకు ప్రతివాడును ఒక నెపము వెదకునని ఆయన వ్రాసెను. ఈ దృష్టాంతమును చెప్పువారు పెక్కురు లాభనష్టముల లెక్కను మాత్రమే పట్టుకొని నెపమను మాటను వదలివేయుదురు. మాకు ఆ మాటయే ముఖ్యము. మనుష్యుడు ఊరక మానడు; మానుటకు ధర్మబద్ధమైన హేతువు కావలెను. నెపము దొరకనిచో సిగ్గుపడి ఇచ్చువారు ఎందఱో కలరు.

ఈ కాలపు పండితులు దీనిని పరీక్షలచేత చూపిరి. డీ టెల్లా మొదలగువారు 2015లో ప్రకటించిన పరిశోధన యొకటి కలదు. ఇద్దఱిద్దఱిని జతచేసి, ఇరువురి శ్రమచే వచ్చినదానిని పంచు అధికారము ఒకరికిచ్చిరి. రెండవవానికి చాటున లంచము పుచ్చుకొని జతగాని వాటాకు నష్టము కలిగించు వీలు కల్పించిరి. పంచువారిలో కొందఱికి ఎదుటివాని భాగమును ఎక్కువగా తీసికొనుటకు అవకాశముండెను, కొందఱికి స్వల్పముగా మాత్రమే యుండెను. పిమ్మట, నీ జతగాడు లంచము పుచ్చుకొనెనని తలచెదవా యని యడిగిరి. ఎక్కువ తీసికొను వీలున్నవారే జతగాని ఎక్కువగా శంకించిరి. ఆ జతగాండ్రకు తమ ఎదుటివానికి ఎంత వీలున్నదో తెలియదు. కావున వారి ప్రవర్తనలో భేదముండుటకు కారణమే లేదు. భేదము చూచువాని చేతిలో నున్నది. చేయి ఎంత దూరము సాగునో ఎదుటివాడు అంత చెడ్డవాడు!

జూరిచ్ నగరపు పండితులు 2001లో వెల్లడించిన మఱియొక పరీక్ష కొంత ఆశను, కొంత నిరాశను కలిగించును. ప్రతివానికిని కొంత డబ్బిచ్చి, అందులో ఎంత ఉమ్మడిలో వేయుదువో చెప్పుమనిరి. ఉమ్మడిలో వేసినది పెరిగి అందఱికిని సమానముగా పంచబడును. ఇంచుమించుగా మూడవవంతు మంది ఇతరులు ఎంత వేసినను తాము ఏమియు వేయమనిరి. నూటికి 50 మంది, ఇతరులు ఎక్కువ వేసినచో తామును ఎక్కువ వేయుదుమనిరి. మనుష్యులలో సగముమంది పదిమందితో పాటు నడువ సిద్ధముగా నుండుట సామాన్యమా! కాని వారు కూడ ఇతరులు వేయుదానికన్న కొంచెము తక్కువ వేయుటకే మొగ్గిరి. అదిగో, ఆ "కొంచెము" చాలును. నేను నీకన్న కొంచెము తగ్గింతును. అది చూచి నీవు నాకన్న కొంచెము తగ్గింతువు. మా కాలువ వసూలు 120 ఎకరములనుండి 46కు దిగినది ఈ మెట్లమీదనే. దిగినవారిలో ఒక్కడును తాను మొదట దిగితిననడు.

ఇచ్చట కొందఱు మాతో వాదింతురు. దొంగలు లేరా? ఉన్న దొంగలను లేరనుకొని డబ్బు పోగొట్టుకొనుమందురా? లేరని మేమనుట లేదు. 1997లో ఉమ్మడి రాష్ట్రమున రైతుల సాగునీటి నిర్వహణ చట్టము వచ్చి పదివేలకు పైగా నీటి సంఘములు ఏర్పడెను. తరువాత ఎన్నికలు సకాలమున జరుగక పెక్కు సంఘములు పేరునకు మాత్రము మిగిలెను. ఉమ్మడి ధనమును మ్రింగినవారిని మేమును చూచితిమి. మేమడుగునది వేఱు. మంచివానిని వెదకి తెమ్మని దుర్యోధనుని, చెడ్డవానిని వెదకి తెమ్మని ధర్మరాజును పంపగా ఇరువురును వట్టిచేతులతో తిరిగివచ్చిరని పెద్దలు చెప్పుదురు. ఆ కథలో ధర్మరాజును పొగడుటయే మన వాడుక. మాకు ఇరువురును సరిగా వెదకలేదనియే తోచును. ఊరంతయు తిరిగి ఒక్క చెడ్డవానినైనను కానని ధర్మరాజు చేతికి చెఱువు లెక్కలు ఈయవచ్చునా? శంకించుట తప్పు కాదు. విచారింపని శంకయే తప్పు.

వాదమునకు రెండవ ముఖము కలదు. అది పండితులకు ప్రియమైనది. వెనుకటివారు దేవతలనియు, వారు కలిసికట్టుగా చెఱువులు త్రవ్వుకొని కాపాడుకొనిరనియు, మనది కలికాలమనియు కన్నీరు విడుచువారు మాలో, అనగా సంస్కృతము చదివినవారిలో, మెండు. ఇదియు నెపమే. మనకాలమున కాదని ముందే తీర్మానించినచో మనము చేయవలసినది కన్నీరు విడుచుట యొక్కటియే. దానికి ఎకరమునకు 300 రూపాయలు అక్కఱలేదు. కడప మండలమందలి పోరుమామిళ్ల చెఱువు శాసనమును, 1369 నాటిదానిని, వీరు చదువవలెను. ప్రతిదినము వేయిమంది కూలీలు, రాయి తోలుటకు నూఱు బండ్లు, రెండేండ్ల పని అని అందు చెప్పబడినది. అది రాజకుమారుని ధనముతో జరిగిన పని. చెఱువునకు గల ఆఱు దోషములను కూడ అందు ఎన్నిరి. రెండు రాజ్యముల సరిహద్దున నుండుట వానిలో ఒకటి. అనగా, ఇరువురి సొత్తైన చెఱువు ఎవరికిని కాకపోవునని ఆ కాలమువారికే తెలియును. చెన్నపురి రాజధానిలో, చెఱువుపనులకు ఊరివారు వాడుకగా చేయవలసిన శ్రమను బలవంతముగనైనను చేయించుటకు 1858లో చట్టము చేయవలసివచ్చెను. ఎల్లరును ఇష్టపూర్వకముగా వచ్చుచుండినచో చట్టమేల? వెనుకటివారును మనవంటివారే. వారిలోను తూము దాపువారు, చివరపొలమువారు ఉండిరి.

మనవంటి మనుష్యులే కలిసి పనిచేసిన చోటులు ఇప్పుడును కలవు. కర్నూలు మండలమందలి కాలువక్రింది గ్రామములను పరిశీలించి రాబర్ట్ వేడ్ అను నాతడు 1988లో ఒక గ్రంథము ప్రకటించెను. కొన్ని గ్రామములవారు ఉమ్మడి నిధి పెట్టుకొని, నీరు పంచుటకు తామే మనుష్యులను జీతమిచ్చి నియమించుకొనిరి. పైరు కాచుటకు కావలివారిని పెట్టుకొనిరి. ఆ ప్రక్క గ్రామములలో ఇవి యేవియు లేవు. కలిసినవారు సత్పురుషులనియు, కలియనివారు దుర్జనులనియు ఆయన చెప్పలేదు. కాలువ చివరనుండి నీరు అరుదుగా వచ్చు గ్రామములలో ఈ యేర్పాటు ఎక్కువగా కనబడెను. నీరు పుష్కలముగా నున్న పైగ్రామములలో దాని అవసరమే తోచలేదు. ఇట్టి ఉమ్మడి సొత్తుల నిర్వహణమును లోకమంతట పరిశీలించినందుకే ఎలినార్ ఆస్ట్రమ్ అను నామెకు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చినది.

మాకు మఱింత దగ్గఱిది భూగర్భజలపు సంగతి. అనంతపురము, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశము, మహబూబ్‌నగరము, నల్లగొండ అను ఏడు కఱవు జిల్లాలలో రైతులే తమ బోరులలోని నీటిమట్టమును, తమ యూరి వానను కొలిచి బల్లలపై వ్రాయు పథకమొకటి 2010 వఱకు అంతర్జాతీయ ఆహార వ్యవసాయ సంస్థ సాయముతో నడచెను. యాసంగికి ముందు ఊరివారు కూడి, భూమిలో ఎంత నీరున్నది, వేయదలచిన పైరులకు ఎంత కావలెనని లెక్కకట్టిరి. తక్కువ తోడుడని ఎవరును ఆజ్ఞాపింపలేదు, జరిమానా లేదు. పెక్కుచోట్ల రైతులు తామే వరి తగ్గించి తక్కువ నీటి పైరులకు దిగిరి. బల్లమీద అంకె యున్నప్పుడు పాతాళగంగను నమ్ముట కష్టము. వారికి ధర్మోపదేశము చేసినవారు లేరు; నెపము నిలుచుటకు చోటు లేకుండ చేసినవారు మాత్రము ఉండిరి.

నెల్లూరు మండలమున 1992 ప్రాంతమున సారాపై తిరుగబడిన స్త్రీలు తరువాత దినమునకొక రూపాయి చొప్పున పొదుపు చేసికొను సంఘములు పెట్టుకొన్న సంగతి మా చదువరు లెఱుగుదురు. వారిలో ఎందఱికో సంతకము రాదు. పదిపదునైదుగురు గుండ్రముగా కూర్చుండగా, ఎవరెంత కట్టిరో, ఎవరెంత అప్పు తీసికొనిరో అందఱియెదుట చదువుదురు. చదువుకొన్న మగవారు మొదట నవ్విరి. ఆ పుస్తకము దేవుని పటము వెనుక లేదు, వారి నడుమ నుండెను. భేదమంతయు అందే యున్నది. మా యూరి వృద్ధరైతు నిజాయితీలో ఎవరికిని తీసిపోడు. కాని అడిగినవారికి చూపుదునని కూర్చుండెను. అడుగకుండుటలోనే మాబోటివారికి లాభమున్నదని ఆ సాధువునకు తెలియదు.

చెఱువులు మాకెందుకు, మేము పట్టణవాసులమని తలచువారు తమ యింటిలోపల చూచుకొనవచ్చును. రాస్, సికోలీ యను మనశ్శాస్త్రజ్ఞులు 1979లో భార్యాభర్తలను వేర్వేఱుగా పిలిచి, ఇంటిపనిలో నీవంతు ఎంతయని యడిగిరి. ఇరువురి వంతులును కూడినచో పెక్కు పనులలో నూటికి నూఱు దాటెను. తగవులకు కారణము ఎవరని యడిగినప్పుడు కూడ అట్లే దాటెనట; కావున ఇది వట్టి గొప్పలు చెప్పుకొనుట కాదు, తాను చేసినది తనకు బాగుగా జ్ఞప్తియుండుటయు దీనికి కారణమే. ఆ యొక్క దయ చూపి వదలివేయుదము. ఐనను మన యిండ్లలో ఆ ప్రశ్న అడిగినచో కూడిక ఎంతవఱకు పోవునో! బజారునుండి కూర తెచ్చినందుకు సగము వంట మాదే యని చెప్పుకొన్న గృహస్థును మేమెఱుగుదుము. ఆతని సంచి మోసినది కూడ కొడుకే.

ఇంతకన్న కఠినమైనది వరకట్నము. 1961లో నిషేధచట్టము వచ్చినను అది పోకుండుటకు పేరాసయే కారణమని వ్రాయుచుందురు. మేము చూచినంతలో, కూతురి పెండ్లినాడు, ఈ సంఘము కుళ్లిపోయినదని ఏడ్చినవాడే కొడుకు పెండ్లినాడు, ఇది లోకరీతి, మేమడుగలేదు, వారే సంతోషముగా ఇచ్చిరని చెప్పును. రెండు మాటలును హృదయపూర్వకముగనే చెప్పును. "మేము మానినను తక్కినవారు మానరు గదా" అనును. తక్కినవారును ఈయనను చూపి అదే మాట అనుచున్నారు. కోనేటిగట్టున రెండవ రాత్రి కడవలెత్తుకొని నిలిచినవారు వీరే. మీ కొడుకు పెండ్లికి ముందు ఈ పత్రికను చదువు గృహస్థులు పదిమంది ఒకచోట కూడి, మేము పుచ్చుకొనమని ఒకరియెదుట ఒకరు చెప్పుకొనిరా యని అడుగుచున్నాము. పదిమంది కూడిన పెండ్లిచూపులకు పోయితిమి గాని అట్టి సమావేశమునకు మమ్ము ఇంతవఱకు ఎవరును పిలువలేదు. మేమును ఎవరిని పిలువలేదు.

మా కాలువ సంగతి ముగించి విరమించెదము. ఈ యేడు ఉగాదినాడు పంచాంగశ్రవణమైన పిమ్మట రచ్చబండపై ఆ గీతల పుస్తకమును బిగ్గరగా చదివించితిమి. ఇచ్చినవారి పేర్లు, ఇయ్యనివారి పేర్లు, యంత్రపు గంటలు అన్నియు చదువబడెను. ఇయ్యనివారిలో మా పేరు వచ్చినప్పుడు బడిపిల్లలు నవ్విరి. మఱునెలకు 84 ఎకరములవారు ఇచ్చిరి. తూము దాపున ముగ్గురు ఇంకను తమ సిద్ధాంతమునందే యున్నారు; బోరువారిలో ఇద్దఱు వచ్చిరి, నలుగురు రాలేదు. వాగు మొదలుకొని మామిడితోపు మలుపువఱకు కంప కొట్టి పూడిక తీసిరి. అచ్చటినుండి చెఱువువఱకు నాలుగువందల గజములు మిగిలియున్నవి. యంత్రము మఱల అమావాస్య వెళ్లిన తరువాత వచ్చునట. మా నాలుగేండ్ల బాకీ 1,800 రూపాయలు చెల్లించితిమి. రసీదు మా యింటిలోవారు తీసికొని తమ పెట్టెలో దాచిరి.